ఫుకుఓక యతాయి బండ్ల దగ్గర గైడు ఎంతవరకు అవసరం: కొన్నేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

జపాన్‌లో వీధి తిండి అనగానే మనవాళ్లలో చాలామందికి ఒసాకాలోని దోతొంబొరి గుర్తుకు వస్తుంది. కానీ చీకటి పడే వేళకు రోడ్డు పక్కన బండి నిలిపి, దాని చుట్టూ బల్లలు వేసి, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వండి పెట్టే పద్ధతి ఊరి దైనందిన జీవితంలో భాగంగా ఇంకా నిలిచి ఉన్నది ప్రధానంగా క్యూషూ ద్వీపంలోని ఫుకుఓక నగరంలోనే. యతాయి అని పిలిచే ఈ బండ్లు ఇక్కడ దాదాపు వంద ఉన్నాయి. అవి ఎక్కువగా తెన్జిన్, నకసు, నగహమ ప్రాంతాల్లో కనిపిస్తాయి. ఈ ఊళ్లో కొన్నేళ్లుగా నివసిస్తూ, మొదట నా కోసం, తర్వాత స్వదేశం నుంచి వచ్చే బంధుమిత్రుల కోసం స్థానిక గైడులను మాట్లాడుకుని ఈ బండ్ల మధ్య తిరిగాను. డబ్బు ఇచ్చి గైడును వెంట తీసుకువెళ్లడం వల్ల ఒరిగేదేమిటి, ఎక్కడ అది వృథా అవుతుంది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా బండి స్వరూపం తెలియాలి. ఒక్కో యతాయికి కేటాయించే స్థలం సుమారు మూడు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు మాత్రమే. అందులోనే పొయ్యి, కుండలు, గిన్నెలు కడిగే చోటు, ఎనిమిది పది మంది భుజాలు ఆనించుకుని కూర్చునే బల్లలు అన్నీ ఇమడాలి. సాయంత్రం తెచ్చి నిలిపిన బండిని తెల్లవారక ముందే మొత్తంగా విప్పి తీసుకుపోతారు. పగటి పూట అదే కాలిబాట మీద నడిచేవారికి అక్కడ వంట జరిగిన ఆనవాలు కూడా కనిపించదు. యుద్ధానంతర కాలంలో విస్తరించిన ఈ బండ్లు క్రమంగా తగ్గుతూ వచ్చాయి. 1990ల మధ్యలో కొత్తవారికి అనుమతి ఇవ్వకూడదని, ఉన్న బండి ఆ యజమాని తరంతోనే ఆగిపోవాలని పోలీసు శాఖ పట్టుబట్టడంతో అవి పూర్తిగా అంతరించిపోతాయేమోనన్న భయం కూడా కలిగింది. 2013లో నగరపాలక సంస్థ ప్రత్యేకంగా ఒక యతాయి చట్టాన్ని తెచ్చి, ధరలు కనిపించేలా రాయడం, కాలిబాటను శుభ్రంగా ఉంచడం వంటి నిబంధనలు విధించి, తర్వాత బహిరంగ దరఖాస్తుల ద్వారా కొత్త యజమానులను ఎంపిక చేయడం మొదలుపెట్టింది. అలా ఎంపికైనవారి బండ్లు 2017 నుంచి రోడ్డు మీదికి వచ్చాయి. దాదాపు కనుమరుగైపోయిన నగహమ వరుస కూడా 2023లో కొత్త బండ్లతో మళ్లీ కళకళలాడింది.

ఈ చరిత్ర తిండికి వచ్చినవారికి ఎందుకని అడగవచ్చు. తరతరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్న బండికీ, ఎంపికలో నెగ్గి వచ్చిన కొత్త బండికీ మధ్య తేడా వంటకాల్లోనే కాదు, పరాయివాళ్లను పలకరించే తీరులో కూడా ఉంటుంది. పాత బండ్లలో ఓదెన్ (చారులో ఉడికించిన ముక్కలు), రామెన్ (చారులో వేసిన సేమియా), యకితోరి (పుల్లకు గుచ్చి కాల్చిన ముక్కలు), గ్యోజా (కీమా కూరిన పిండి కజ్జికాయలు) వంటి నాలుగైదు రకాలే ఉంటాయి. రోజూ వచ్చే వాడుక మనుషులే ఎక్కువ. కొన్నిచోట్ల యజమాని మనతో ఒక్క ముక్క మాట్లాడకపోవచ్చు, అది కోపం కాదు. కొత్తవాటిలో ఇంగ్లీషు పట్టికలు, పాశ్చాత్య వంటకాలు, కార్డు చెల్లింపులు కనిపిస్తాయి. మంచి గైడు మన స్వభావాన్ని బట్టి బండిని ఎంచుతాడు, బండి పేరును బట్టి కాదు.

గైడు విలువ నాకు మొట్టమొదట తెలిసింది రుచి విషయంలో కాదు, కూర్చునే చోటు విషయంలో. నకసులో నది ఒడ్డున వరుసగా నిలిచే బండ్లు ఫొటోలలో అందరూ చూసేవే. వారాంతాల్లో వాటి ముందు పర్యాటకుల బారులు పొడవుగా ఉంటాయి. తెన్జిన్‌లో ఆఫీసులు, పెద్ద దుకాణాల మధ్య చెల్లాచెదురుగా ఉన్న బండ్ల దగ్గర చాలాచోట్ల అలాంటి బారు ఉండదు గాని, తెర తొలగించి లోపలికి తొంగి చూసి, ఎంతమందిమో వేళ్లతో చూపించి, యజమాని తల ఊపేదాకా బయటే నిలబడే మర్యాద తెలియాలి. ఇద్దరు ముగ్గురైతే ఉన్నవాళ్లు కాస్త జరిగి చోటు ఇస్తారు; ఆరుగురు కలిసి వస్తే ఎవరికీ చోటు దొరకదు. కూర్చున్న ప్రతి ఒక్కరూ కనీసం ఒక వంటకమో పానీయమో తీసుకోవాలి. ఒక గిన్నె తెప్పించుకుని నలుగురు పంచుకుంటామంటే ఒప్పుకోరు. తినడం అయ్యాక కబుర్లతో చోటు ఆక్రమించుకుని కూర్చోవడం, బయట నిలబడిన మనిషికీ, యజమాని రాబడికీ నష్టమే. బండిలో మరుగుదొడ్డి ఉండదు కనుక దగ్గరలో ఏది తెరిచి ఉంటుందో ముందే తెలిసి ఉండడం, ముఖ్యంగా పెద్దవాళ్లను తీసుకువెళ్లినప్పుడు, తిండి కంటే ముఖ్యమైన సమాచారం. ఇవన్నీ ఎక్కడైనా చదివి తెలుసుకోవచ్చు. కానీ ఏ బండిలో ఏ వేళకు మూడు చోట్లు ఖాళీ అవుతాయో తెలిసినవాడు పక్కన ఉంటే రాత్రంతా నిలబడే పని తప్పుతుంది. అందుకే ఎనిమిది పది మందిని ఒక జట్టుగా కట్టి తిప్పే సంస్థలను నేను ఇప్పుడు ఎవరికీ సూచించను. ఆ పద్ధతి ఈ బండ్ల కొలతకే సరిపోదు.

ఇక ఏం తినాలన్నది. పంది ఎముకలను గంటల తరబడి మరిగించి తీసిన తెల్లటి చారులో సేమియా వేసి ఇచ్చే హకత రామెన్ (హకత ఈ నగరంలోని ఒక ప్రాంతం) ఇక్కడి పేరుమోసిన వంటకం. ఆ సేమియా మరీ సన్నగా ఉండడానికి నగహమలోని చేపల మార్కెట్టుతో సంబంధం ఉంది: పని మధ్యలో పరుగున వచ్చి తినే కార్మికులకు వేగంగా ఉడికేది కావాలి, ఎక్కువసేపు చారులో ఉంటే మెత్తబడిపోతుంది గనుక కొద్దికొద్దిగా తెప్పించుకోవాలి. అందుకే చారు మిగిల్చుకుని సేమియా మాత్రం మళ్లీ అడిగే కయెదమ పద్ధతి, ఎంత గట్టిగా ఉడకాలో ముందే చెప్పే అలవాటు వచ్చాయి. తెన్జిన్ బండ్లలో పుట్టిన యాకి రామెన్, అంటే అదే సేమియాను చారు ఇగిరేదాకా పెనం మీద వేయించేది, నా మటుకు నాకు అసలు రామెన్ కంటే ఎక్కువ నచ్చింది. ఒక సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి: యతాయిలో పచ్చి చేప వడ్డించడానికి అనుమతి లేదు, వడ్డించే ముందు వేడి చేయాల్సిందే. యతాయిలో సుషి తినిపిస్తానని ప్రకటించే గైడు ఎవరైనా ఉంటే అతడికి ఈ ఊరి బండ్ల గురించి తెలియదని అర్థం.

గైడు ఫీజు పూర్తిగా గిట్టుబాటయ్యే సందర్భం మన శాకాహారుల విషయంలోనే వచ్చింది, అయితే ఆశించినట్టుగా కాదు. విజయవాడ నుంచి వచ్చిన మా పిన్నిగారిని తీసుకువెళ్లినప్పుడు, గైడు మొదటి మాటగానే ఇక్కడ ఆవిడ నిష్ఠకు సరిపోయేవి రెండో మూడో మాత్రమేనని చెప్పడం నాకు నచ్చింది. ఓదెన్‌లో ఉడికే ముల్లంగి, టోఫు, కొంజాక్ దుంప ముక్కలు చూడడానికి అచ్చం శాకాహారంలా ఉంటాయి గాని, అవి ఊరే చారు ఎండు చేప పొరలతో కాచిన దషి. చల్లటి టోఫు అడిగితే పైన అవే చేప పొరలు చల్లి తెస్తారు. మాంసం వద్దని మాత్రమే చెబితే ఆ పొరలు ఆగవు, ఎందుకంటే వండేవారి దృష్టిలో అవి మాంసమూ కావు, ప్రత్యేకంగా చెప్పదగ్గ దినుసూ కావు. యకితోరి బొగ్గుల మీద మిరపకాయలు, పుట్టగొడుగులు కాల్చి ఇస్తారు. అదే ఇనుప కడ్డీల మీద అంతకు ముందే పంది పొట్ట మాంసం కాలి ఉంటుంది. గ్యోజా లోపల సాధారణంగా పంది కీమాయే. ఉప్పు వేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు నిశ్చింతగా తినవచ్చు. చేప సరే, ఆవు పంది వద్దు అనేవారికి దారి చాలా విశాలం. కోడి ముక్కలను ఉప్పుతోనా, తియ్యటి సోయా పులుసుతోనా అని అడిగి కాలుస్తారు, చేప గుడ్లతో చేసే మెంతైకోను గుడ్డు అట్టులో చుట్టి ఇస్తారు. ఈ తేడాలన్నీ మనం కూర్చున్నాక గాక, బండి తెర తొలగించక ముందే యజమానితో మాట్లాడి తేల్చే గైడు దొరికితే అతడి ఫీజులో సగం అక్కడే తీరిపోయినట్టు. పిన్నిగారు ఇంట్లో భోంచేసి వచ్చి, సోయా కాయలు, జపనీస్ టీతో ఆ సందడి అంతా చూసి సంతోషంగా లేచారు. కఠినమైన శాకాహారులు కడుపు నింపుకునే ఉద్దేశంతో మాత్రం ఈ నడకకు రాకపోవడమే మంచిది.

గైడుల నాణ్యతలో ఉన్న అంతరం మాత్రం చాలా ఎక్కువ. జపాన్‌లో 1949 నుంచి గైడు వృత్తికి ప్రభుత్వ పరీక్ష, అనుమతి తప్పనిసరిగా ఉండేవి. 2018 జనవరి నుంచి అనుమతి లేనివారు కూడా డబ్బు తీసుకుని గైడుగా పనిచేయవచ్చు, అయితే ప్రభుత్వ గుర్తింపు ఉన్న గైడునని మాత్రం చెప్పుకోకూడదు. పరీక్ష నెగ్గినవారికి చరిత్ర, భూగోళం బాగా తెలుస్తాయి. కానీ ఏ బండి యజమాని ఏ రోజు సెలవు తీసుకుంటాడో ఆ పరీక్ష నేర్పదు. నేను చూసినవాళ్లలో అందరికంటే ఉపయోగపడినవారు అదే పేటలో ఏళ్ల తరబడి సొంత డబ్బుతో తిన్నవాళ్లే. దీనికి విరుద్ధమైన అనుభవం ఒక పర్యాటక సంస్థతో ఎదురైంది: ముందే మాట్లాడుకున్న రెండు బండ్లకే ప్రతిసారీ తీసుకువెళ్లడం, మనం కూర్చోక ముందే పళ్లాలు సిద్ధం చేయించడం, గడియారం చూస్తూ లేపడం. వడ్డించినది రుచిగానే ఉంది, కానీ యతాయికి వెళ్లి యజమానితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా రావడం ఏం అనుభవమో నాకు అర్థం కాలేదు. మాట్లాడుకునే ముందు రెండు విషయాలు అడగడం నాకు అలవాటైంది: జట్టులో గరిష్ఠంగా ఎంతమంది, బండ్లు ముందే ఖాయమా లేక ఆ రాత్రి పరిస్థితిని బట్టి ఎంచుతారా. రెండో ప్రశ్నకు తడబడితే మరొకరిని చూసుకుంటాను.

ఖర్చు తక్కువేమీ కాదు. రెండు మూడు గంటల నడకకు మనిషికి పది వేల యెన్ల పైమాటే అడుగుతారు. తిండి అందులో కలుస్తుందో లేదో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి, మందు లెక్క తరచు వేరు. గైడు లేకుండా వెళితే ఒక గిన్నె రామెన్, రెండు మూడు పుల్లల యకితోరి, ఒక గ్లాసు బీరుకు రెండు మూడు వేల యెన్లతో సరిపోతుంది. టిప్పు ఇచ్చే ఆచారం ఎలాగూ లేదు.

ఇతర చోట్ల ఇదే లెక్క వర్తించదు. ఒసాకాలో తకోయకి (ఆక్టోపస్ ముక్కలు పెట్టి కాల్చిన పిండి ఉండలు), అక్కడి షిన్సెకై పేటలో కుషికత్సు (పుల్లకు గుచ్చి నూనెలో వేయించిన ముక్కలు) తినడానికి గైడు అక్కరలేదు. దుకాణాలు పర్యాటకులకు అలవాటుపడ్డాయి, బొమ్మల పట్టిక చూపించి అడిగితే చాలు. ఉమ్మడి సాస్ గిన్నె ఇంకా ఉన్న చోట, కుషికత్సు పుల్లను అందులో రెండోసారి ముంచకూడదన్న నియమం గోడ మీదే రాసి ఉంటుంది. టోక్యోలో టోకు చేపల మార్కెట్టు 2018 అక్టోబరులో త్సుకిజి నుంచి తొయోసుకు తరలిపోయినా, త్సుకిజి బయటి వీధుల దుకాణాలు అక్కడే ఉన్నాయి. పొద్దున్నే వెళితే సొంతంగా తిరగవచ్చు. క్యోటోలోని నిషికి మార్కెట్టులో కొన్న చోటే నిలబడి తినమని, నడుస్తూ తినవద్దని కోరే బోర్డులు ఉంటాయి. ఫుకుఓకలోనే సెప్టెంబరు 12 నుంచి 18 వరకు హకొజకి ఆలయం దగ్గర జరిగే హోజోయ ఉత్సవంలో వందలాది తాత్కాలిక బండ్లు వెలుస్తాయి. ఆకులతో సహా అమ్మే లేత అల్లం కట్టలు కొనడానికి, పిల్లలకు వేడి వేడి తీపి తినుబండారాలు ఇప్పించడానికి అక్కడ ఎవరి సాయమూ అవసరం పడదు.

యతాయి నడకకు రోజు ఎంచుకునేటప్పుడు వాతావరణం చూసుకోవాలి. గట్టి వాన పడినా, తుఫాను హెచ్చరిక వచ్చినా బండ్లు బయటికి రావు. చాలా బండ్లకు ఆదివారం సెలవు. వాన వల్ల రద్దయితే గైడు డబ్బు తిరిగి ఇస్తాడా, లేక బండ్ల బదులు మామూలు హోటలుకు తీసుకువెళ్లి లెక్క సరిచేస్తాడా అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. నాకు ఎదురైనవారిలో రెండో రకంవారే ఎక్కువ. చలికాలంలో బండి చుట్టూ ప్లాస్టిక్ తెరలు కడతారు గనుక లోపల హాయిగానే ఉంటుంది, జూలై ఆగస్టుల్లో మాత్రం పొయ్యి పక్కన కూర్చోవడం కష్టం. ఇప్పుడు మా ఇంటికి ఎవరు వచ్చినా మొదటి సాయంత్రం గైడును పెట్టి తెన్జిన్ వైపు పంపుతాను, మరుసటి రోజు వాళ్లంతట వాళ్లే నగహమ వెళ్లి, కయెదమ అడిగి తిని వస్తున్నారు.