చవక స్పేర్ పార్టులతో తొమ్మిదేళ్లు: మా ఐ10 నోటుపుస్తకంలో ఉన్నది

మాది నాయుడుపేట, ఉండేది చెన్నై విల్లివాక్కంలో. కారు 2011 మోడల్ హ్యుందాయ్ ఐ10, 1.1 లీటర్ పెట్రోలు. 2016లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మీటరు 48 వేలు చూపించింది, ఇప్పుడు 1,32,000 దాటింది. కొన్న రోజు నుంచీ డ్యాష్‌బోర్డు అరలో ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఏ పార్టు, ఎక్కడ కొన్నాను, ఎంత పడింది, మీటరు ఎంత ఉన్నప్పుడు వేశాం, ఎప్పుడు పోయింది, అన్నీ అందులో రాస్తాను. డిస్కౌంట్ షాపుల్లో స్పేర్లు కొనొచ్చా అని ఈమధ్య మా బావమరిది అడిగితే ఆ పుస్తకం తీసి మొదటి నుంచి చదివాను. చదివాక ఇది రాయాలనిపించింది.

చెన్నైలో ఉండేవాళ్లకు జీపీ రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. మౌంట్ రోడ్డు పక్కనున్న జనరల్ ప్యాటర్స్ రోడ్డు, రెండు వైపులా స్పేర్ పార్టుల షాపులే. అక్కడికి కాస్త దూరంలో పుదుపేట, పాత బండ్లు విప్పి ముక్కలుగా అమ్మే చోటు. ఇవి కాక ఈ నాలుగైదేళ్లుగా అన్ని కంపెనీల పార్టులూ ఎమ్మార్పీ మీద సగానికి సగం తగ్గింపు అని బోర్డులు పెట్టే షాపులు, ఫోన్‌లో ఆర్డరిస్తే ఇంటికొచ్చే పార్టులు. నేను మూడు రకాల చోట్లా కొన్నాను. మొదట్లో రేటు ఒక్కటే చూసేవాణ్ణి. 2018లో ఒక్క రోజుతో ఆ అలవాటు చాలావరకు పోయింది.

అప్పుడు ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయి. పేరున్న కంపెనీవి తొమ్మిది వందల పైన చెప్పారు, డిస్కౌంట్ షాపులో 420 రూపాయలకే సెట్టు దొరికింది. డబ్బా మీద తయారుచేసిన వాళ్ల పేరు కూడా సరిగా లేదు, బార్ కోడూ ఒక పులి బొమ్మా మాత్రం ఉన్నాయి. మెకానిక్ చేతిలో పెడితే వాటిని తిప్పి తిప్పి చూసి, "అన్నా, సిటీలో ఆఫీసుకు పోయి రావడానికైతే సరే, లాంగ్ పోతే మాత్రం వద్దు" అన్నాడు. కుర్రాడిది గూడూరు వైపు, అబద్ధం చెప్పే మనిషి కాదు. నేనే వినలేదు. కుయ్‌మని చిన్న సౌండు వస్తున్నా రెండు నెలలు సిటీలో బాగానే ఆగింది బండి.

ఆ తర్వాత అమ్మనూ నాన్ననూ తీసుకుని తిరుమల వెళ్లాం. మొత్తం ఐదుగురం, డిక్కీలో లగేజీ. ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు కదా, ఇంజను కష్టమే తప్ప బ్రేకుకు పని లేదు. దర్శనం అయ్యాక పాత ఘాట్ రోడ్డులో దిగుతున్నాం. సెకండ్ గేరులోనే ఉన్నాను, అయినా మలుపు మలుపుకూ బ్రేకు తొక్కాల్సిందే. సగం దిగేసరికి కాలిన వాసన మొదలైంది. ముందు వేరే బండిదనుకున్నాను. తర్వాతి మలుపులో పెడల్ తొక్కితే గట్టిగానే ఉంది కానీ బండి ఆగట్లేదు. పెడల్ మెత్తబడి కిందికి పోతే ఆయిలు సమస్య అనుకోవచ్చు. ఇక్కడ అలా కాదు, కాలి కింద రాయిలా ఉంది, బండి మాత్రం తన పాటికి తాను పోతోంది. ఫస్ట్ గేరులో పడేసి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, కాస్త వెడల్పున్న చోట కొండ వైపు ఆపాను. వెనక సీట్లో అమ్మ గోవింద నామాలు చదువుకుంటూనే ఉంది, ఏం జరిగిందో ఆమెకు తెలియదు. ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

ముప్పావు గంట అక్కడే ఉన్నాం. చక్రాల దగ్గర నుంచి పొగ. చల్లారాక మెల్లగా దిగాం, బ్రేకు మళ్లీ పట్టుకుంది. ప్యాడులో పీచు, లోహపు పొడి లాంటివన్నీ కలిపి పట్టి ఉంచేది ఒక జిగురు. నాసిరకం ప్యాడు బాగా వేడెక్కితే ఆ జిగురు కాలి, దాన్నుంచి వచ్చే ఆవిరి డిస్కుకూ ప్యాడుకూ మధ్య చేరి పట్టు పోతుంది. సిటీలో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు అంత వేడి పుట్టదు, అందుకే రెండు నెలలు ఏమీ తెలియలేదు. చెన్నై వచ్చాక విప్పితే ప్యాడు ముఖం అద్దంలా నున్నగా మెరుస్తోంది, అంచున చిన్న పగులు, డిస్కు మీద గీతలు. డిస్కు లేతులో పట్టించడానికి ఇంకో ఆరు వందలు అయింది. ఆదా చేసిన ఐదు వందలు అక్కడే పోయాయి, డబ్బు సంగతి వదిలేసినా ఆ మలుపు గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

నాకు బాధ అనిపించేది ఇంకొకటుంది. బ్రేకు సామాన్లకు దేశమంతా పేరున్న బ్రేక్స్ ఇండియా మా ఇంటికి కూతవేటు దూరంలో పాడిలో ఉంది. రాణే వాళ్ల బ్రేక్ లైనింగు ఫ్యాక్టరీ అంబత్తూరులో. ఈ ఐ10 తయారైంది శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో. ఇంత పక్కన మంచి సరుకు తయారవుతుంటే ఎవరు చేశారో తెలియని ప్యాడు తెచ్చి అమ్మానాన్నలు కూర్చున్న బండికి వేశాను. ఆ తర్వాత వేసినవన్నీ రాణే ప్యాడ్లే, ఒక్కో సెట్టు 30 వేల కిలోమీటర్లకు తక్కువ కాకుండా వస్తోంది, జీపీ రోడ్డులో కొంటే షోరూం పార్టు కంటే తక్కువే పడుతుంది.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది రెంటినీ కలిపేస్తారు. చవక వేరు, నకిలీ వేరు. తన పేరూ అడ్రసూ వేసుకుని తక్కువ రేటుకు అమ్మే చిన్న కంపెనీల పార్టులు నా పుస్తకంలో చాలానే ఉన్నాయి, కొన్ని బాగా పనిచేశాయి. పెద్ద కంపెనీ డబ్బా అచ్చేసి లోపల ఏదో పెట్టి అమ్మేది మాత్రం మోసం. 2020లో అలాంటిది ఒక ఆయిల్ ఫిల్టరు నాకు తగిలింది. అచ్చం కంపెనీ డబ్బాయే, రేటు మాత్రం సగం. వేసిన మర్నాటి నుంచీ పొద్దున స్టార్ట్ చేయగానే ఆయిల్ లైటు మూడు నాలుగు సెకన్లు ఆరేది కాదు, ఇంజను టకటకమనేది. ఫిల్టరు లోపల ఒక రబ్బరు రేకు ఉంటుంది, రాత్రి బండి ఆగినప్పుడు ఫిల్టరులోని ఆయిలు కిందికి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. ఇందులో ఆ రబ్బరు చెక్కలా గట్టిగా ఉంది, పాత కంపెనీ ఫిల్టరు పక్కన పెట్టి వేలితో నొక్కితే తేడా వెంటనే తెలిసింది. వెయ్యి రూపాయల పైన పెట్టి మంచి ఆయిలు పోసి, ఫిల్టరు దగ్గర నూట ఇరవై మిగుల్చుకుందామనుకున్నాను. హ్యుందాయ్ ఒరిజినల్ పార్టులు అమ్మే మోబిస్ వాళ్ల ఫిల్టరు వేశాక ఆ సౌండు మళ్లీ రాలేదు.

అప్పటి నుంచి డబ్బా చదవకుండా ఏదీ కొనను. చట్టం ప్రకారం ప్యాక్ చేసి అమ్మే ప్రతి వస్తువు మీదా తయారీదారు పేరు, అడ్రసు, తయారైన నెలా సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా అక్కడే పెట్టేసి వస్తాను. పాత పార్టు సంచిలో వేసుకుని వెళ్తాను, కౌంటరు మీద రెండూ పక్కపక్కన పెట్టి బరువు, రబ్బరు మెత్తదనం, అచ్చు అక్షరాలు చూస్తాను. చూడనివ్వని షాపులో కొనను. ఇంకా బిల్లు. "బిల్లు లేకుండా అయితే ఇంకొంచెం తగ్గిస్తా సార్" అంటారు. వద్దండీ, బిల్లు లేకపోతే వారెంటీ లేదు, మార్చమని అడగడానికి ఆధారమూ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా స్పేర్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి ఇప్పుడు ఆ మాటకు లొంగాల్సిన పని అసలే లేదు.

చక్రం బేరింగు సంగతి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో బండి రెండు రోజులు నీళ్లలోనే ఉంది, చక్రాల సగం దాకా. ఇంజనులోకి నీళ్లు పోలేదు, అదొక్కటే అదృష్టం. నెల తిరిగేసరికి ఎడమ వైపు ముందు చక్రం నుంచి నలభై దాటితే హూ అని సౌండు. నీళ్లు చేరి గ్రీజు పాడైంది. తుఫాను తర్వాత ఊళ్లో అందరికీ అవే కావాలి, మంచి కంపెనీ బేరింగు వారం దాకా రాదన్నారు, లోకల్‌ది 480కి ఉంది. బండి అవసరం ఉండి వేయించాను. బేరింగు ఊరికే తీసి పెట్టేది కాదు, చక్రం హబ్బు విప్పి ప్రెస్సులో పాతది కొట్టించి కొత్తది ఎక్కించాలి, లేబరే ఆరు వందలు. మేలో మళ్లీ అదే సౌండు. 5,200 కిలోమీటర్లు తిరిగింది అంతే. రెండోసారి 1,150 పెట్టి పేరున్న కంపెనీది, మళ్లీ లేబరు ఆరు వందలు. వారం ఆగి ఉంటే 1,750తో పోయేది 2,830 అయింది. పార్టు రేటు చూసి మనం ఆగిపోతాం గానీ, విప్పడానికి ఎంత పని ఉందన్నదే అసలు లెక్క. ఐదు నిమిషాల్లో మనమే మార్చుకునేదైతే చవకది పోయినా నష్టం చిన్నదే, విప్పడానికే పూట పట్టేదానికి చవకది వేస్తే రెండుసార్లు కట్టినట్టే.

ఆ లెక్కలో బాగున్నవీ చెప్తాను. వైపర్ బ్లేడ్లు, ఎంత మంచివి వేసినా చెన్నై ఎండకు రబ్బరు ఎండిపోతుంది, అందుకే ప్రతి సంవత్సరం సెప్టెంబరు చివర్లో, అక్టోబరు వానలు మొదలు కాకముందే, రెండు వందల లోపు జత కొని మార్చేస్తాను. ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. స్టాప్ లైటు బల్బులు, మడ్ ఫ్లాపులు, బంపరు క్లిప్పులు, ఫ్లోర్ మ్యాట్లు డిస్కౌంట్ షాపులో నిశ్చింతగా కొనొచ్చు. హెడ్‌లైటు బల్బు ఒకసారి చవకది వేస్తే ఎదుటివాళ్ల కళ్లలోకి కొట్టేదే గానీ రోడ్డు మీద పడేది కాదు, రాత్రి తడ దాటాక లారీల వెనక చాలా కష్టపడ్డాను, మళ్లీ వేయలేదు. ఎయిర్ ఫిల్టరు చవకది ఒక్కసారే. అంచు రబ్బరు ఇంజను దగ్గర ఫిల్టరు పెట్టే డబ్బాలో సరిగ్గా కూర్చోలేదు, పది వేల కిలోమీటర్లకు తీసి చూస్తే లోపలి వైపు కూడా దుమ్ము. ఆ దుమ్మంతా ఇంజనులోకే కదా పోయేది.

పుదుపేట గురించి చాలామందికి భయం ఉంది. నా అనుభవంలో కొన్నింటికి కొత్త లోకల్ పార్టు కంటే అక్కడి పాత ఒరిజినలే మేలు. డ్రైవరు వైపు పవర్ విండో మెషిన్ కొత్త లోకల్‌ది 1,400కి వేస్తే ఎనిమిది నెలల్లో తీగ తెగి అద్దం తలుపులోకి పడిపోయింది. పుదుపేటలో అదే మోడల్ నుంచి విప్పింది 900కి, ఆరేళ్లుగా పనిచేస్తూనే ఉంది. డోరు హ్యాండిలు, సైడు అద్దం కూడా అలాగే తెచ్చాను. కొనే ముందు బ్యాటరీ పెట్టి తిప్పి చూపించమంటే చూపిస్తారు. కానీ అరిగిపోయే పార్టులు, రబ్బరు పార్టులు, బ్రేకుకూ స్టీరింగుకూ సంబంధించినవి అక్కడ కొనకండి.

బ్యాటరీ విషయంలో నేను ప్రయోగాలు చేయలేదు, మన తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ వేసుకుంటాను, తయారైన తేదీ చూసి కొత్త స్టాకే తీసుకుంటాను, ఇప్పుడు మూడోది నడుస్తోంది. టైమింగ్ బెల్టు (ఇంజను వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా తిప్పేది) కూడా అంతే, ఈ 1.1 ఇంజనుకు ఉండేది గొలుసు కాదు, బెల్టు. అది తెగితే ఎక్కడున్నామో అక్కడే ఇంజను ఆగిపోతుంది, హైవే మీద కుడి లేన్‌లో ఉండొచ్చు. 90 వేల కిలోమీటర్లప్పుడు బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు, వాటర్ పంపు మూడూ షోరూం కౌంటరులో బిల్లు మీద కొని మా మెకానిక్ చేతనే వేయించాను. తగ్గింపు ఎంతిచ్చినా ఆ మూడింటికి వద్దు.

ఇప్పుడు క్లచ్ వంతు వచ్చింది. గేరుబాక్సు దించాలి, మెకానిక్‌కు పూర్తి రోజు పని. నిన్న ఒక షాపులో సెట్టు మీద నలభై శాతం తగ్గింపు చెప్పారు, డబ్బా మీద తయారీ నెల లేదు, వచ్చేశాను. జీపీ రోడ్డులో కంపెనీది ఆర్డరిచ్చాను, శుక్రవారం వస్తుందట. దాని సంగతి ఇరవై వేలు తిరిగాక రాస్తాను.