మా పికప్పు వెనుక చప్పుడు, దాని అసలు కారణం: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

ఈ డీజిల్ పికప్పు మైలేజీ ఎంత, ఎంత బరువు మోస్తుంది అన్నవి కొనాలనుకునే ప్రతివారికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నూజివీడు చుట్టుపక్కల తోటల నుంచి మామిడికాయల ట్రేలు వేసుకుని ఏళ్ల తరబడి దీన్ని నడిపిన మీదట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గేరుబాక్సు నుంచి వెనుక చక్రాలకు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉండే ఒక గ్రీజు నిపిల్‌ను, అంటే గ్రీజు ఎక్కించే చిన్న మూతిని, కంటికీ చేతికీ సులువుగా అందేలా పెట్టకపోవడం వల్ల నాలాంటివారు అక్కరలేని ఖర్చు భరించవలసి వస్తోంది. ఆ విషయంలో నాకున్న కోపం ఇంకా చల్లారలేదు.

చప్పుడు వచ్చే తీరును కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కారణం పట్టుకోవడానికి ఆ తీరే ఆధారం. బ్రేకు మీద నెమ్మదించి బండి పూర్తిగా ఆగే క్షణంలో వెనుక నుంచి 'దడ్'మని ఒకే ఒక్క దెబ్బ వినిపించేది. మళ్లీ మొదటి గేరులో క్లచ్చి వదిలి కదిలించగానే అలాంటిదే ఇంకొకటి. ఎవరో బాడీ కింద సుత్తితో ఒక దెబ్బ వేసినట్లు ఉండేది. హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే ఎక్కి ఒకే వేగంతో పోతున్నంతసేపూ ఏమీ వినిపించేది కాదు. లోడు ఉన్నప్పుడు చప్పుడు మరింత గట్టిగా ఉండేది కాబట్టి, అది కమాన్ కట్టల (వెనుక ఇరుసు మీద బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగుల) నుంచే వస్తోందని చూసినవారందరూ అనేవారు.

మొదట చూపించిన సర్వీసు సెంటరు వారు బండిని లిఫ్టు మీదికి ఎక్కించి, వెనుక షాక్ అబ్జార్బర్లు రెండూ, కమాన్ కట్టల చివర్లలో రబ్బరుతో ఉండే షాకిల్ బుష్‌లూ మార్చారు. బిల్లు తొమ్మిది వేలు దాటింది. పాత బుష్‌లను నాకు చూపించారు. రబ్బరు అరిగిన మాట నిజమే, మార్చినందువల్ల గుంతల్లో వచ్చే లొడలొడ తగ్గిన మాటా నిజమే. కానీ బండి ఆగేటప్పుడు వచ్చే ఆ దెబ్బ అలాగే ఉండిపోయింది. దాని గురించి అడిగితే, ఇక డిఫరెన్షియల్ (షాఫ్టు శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) విప్పాల్సిందేనని చెప్పారు.

దాని లోపలి క్రౌన్ పినియన్ గేర్ల దాకా పోతే ఖర్చు ఎక్కడ ఆగుతుందో తెలియదు కనుక, విజయవాడ ఆటోనగర్‌లో షాఫ్టుల పని మాత్రమే చేసే ఒక మేస్త్రి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన పానా ముట్టుకోకుండా ముందు బండి ఎక్కి కూర్చున్నారు. "గుంతకి వచ్చే చప్పుడా, లాగుడికి వచ్చే చప్పుడా అన్నది ముందు తేల్చుకోవాలండీ, సామాను తర్వాత విప్పుకోవచ్చు" అన్నారు. బండిని న్యూట్రల్‌లో వదిలి స్పీడు బ్రేకరు మీదుగా పోనిచ్చారు. ఏ చప్పుడూ లేదు. బుష్‌లూ షాకర్లూ కారణమైతే అక్కడే బయటపడేది. తర్వాత చదునైన రోడ్డు మీద, గేరులో కదిలించి ఆపారు. రెండుసార్లూ దెబ్బ వినిపించింది.

ఆ తర్వాత చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, బండి కింద పడుకుని, షాఫ్టును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. షాఫ్టు కీళ్లలో ఉండే క్రాస్‌లు అరిగి ఉంటే వాటి కప్పుల చుట్టూ తుప్పు పొడి కనిపిస్తుందని, చేతికే లూజు తెలుస్తుందని చెప్పారు, అలాంటిదేమీ లేదు. డిఫరెన్షియల్‌లో ఉండవలసిన కొద్దిపాటి లూజు మాత్రమే ఉంది. చివరికి ఆయన చేయి స్లిప్ జాయింటు దగ్గర ఆగింది. డిఫరెన్షియల్, ఇరుసులు ఉండే వెనుక హౌసింగు పైకీ కిందికీ కదిలినప్పుడల్లా గేరుబాక్సుకూ దానికీ మధ్య దూరం మారుతుంది కాబట్టి, షాఫ్టు ముందుకూ వెనక్కూ జరగడానికి అక్కడ పొడవునా గాడుల్లా ఉండే స్ప్లైన్ పళ్లు ఉంటాయి. బ్రేకు పడినప్పుడు కమాన్ కట్టల మీద ఉన్న హౌసింగు కొద్దిగా మెలిపడి, బండి ఆగగానే తన స్థానానికి వస్తుంది. పళ్ల మధ్య గ్రీజు ఎండిపోతే షాఫ్టు ఆ కదలికకు సాఫీగా జరగక బిగుసుకుని, ఒక్కసారిగా జారుతుంది. మాకు వినిపించిన దెబ్బ అదే.

నిపిల్ ఎక్కడుందని అడిగితే ఆయన బండిని ఒక అడుగు ముందుకు నెట్టించారు. అప్పటిదాకా అది షాఫ్టుకు పై భాగాన, ఫ్లోరు వైపు తిరిగి ఉంది. గట్టిపడిన మట్టిని స్క్రూడ్రైవరు మొనతో గీకితే గాని దాని తల బయటపడలేదు. గ్రీజు గన్ను తగిలించి కొట్టగా కొట్టగా, ముందు గోధుమరంగు నీళ్లు, తర్వాత నల్లటి గట్టి ముద్ద, ఆపైన కొత్త గ్రీజు బయటికి వచ్చాయి. అంతే, చప్పుడు ఆగిపోయింది. ఆయన తీసుకున్నది మూడు వందలు. చక్రాలు గాలిలో ఉండగా న్యూట్రల్‌లో చేత్తో ఒక్క చుట్టు తిప్పితే కనిపించే నిపిల్‌ను అంతకుముందు ఎవరూ చూడలేదన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం.

వెనుక భాగానికి ఖర్చే ఉండదని మొదట్లో అడిగినవారందరికీ చెప్పేవాణ్ణి. బుష్‌లు పక్కన పెడితే, కమాన్ కట్టల విషయంలో ఆ మాట ఇప్పటికీ నిలుస్తుంది. షాఫ్టు విషయంలో మాత్రం, గ్రీజు క్రమం తప్పకుండా పడితేనే. వానాకాలంలో కాలువ గట్ల వెంట నీళ్లలో నడిపాక ఆ దెబ్బ సన్నగా మళ్లీ మొదలైంది, గ్రీజు కొట్టించగానే పోయింది. అందువల్ల వానలు తగ్గగానే ఒకసారి, మామిడి సీజనుకు ముందు ఒకసారి దగ్గరుండి కొట్టించుకుంటున్నాను. నిపిల్ లేని షాఫ్టులైతే విడదీసి పూయాలట. అప్పుడు విప్పే ముందు రెండు ముక్కల మీదా ఒకే వరుసలో పెయింటు గుర్తు పెట్టించుకోవాలి. గుర్తు తప్పి బిగిస్తే చప్పుడు పోయినా వణుకు మొదలవుతుంది.

నాకు ఆటోనగర్ దగ్గరే, నా బండి చేసేది బరువులు మోసే పనే, పైగా కింద పడుకుని చూసే ఓపిక ఉన్న మేస్త్రి తెలుసు. కాబట్టి ఈ బండితో నాకు పేచీ లేదు, ఇంకా కొన్నేళ్లు ఉంచుకుంటాను. సర్వీసు సెంటరు మీదే పూర్తిగా ఆధారపడేవారికి, ఖాళీ బండితో ఊళ్లో ఆగుతూ కదులుతూ తిరిగేవారికి ఇదే మాట ధైర్యంగా చెప్పలేను. స్ప్లైన్ పళ్లలో అరుగుదల కొద్దిగా మొదలైందని మేస్త్రి మొన్న చెప్పారు. గ్రీజు పడిన వెంటనే కూడా దెబ్బ వినిపించడం మొదలైతే ఆ భాగం మార్పించవలసిందే.