నీలి లైటు, తెల్ల లైటు, వాట్సాప్ ఫొటో: కోరల్ అసలు రంగు చూడ్డానికి ఏది మేలు?

పట్టుచీర కొట్లో లైటు కింద ఎంత నచ్చినా, గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో ఓసారి చూస్తాం. రీఫ్ అక్వేరియంలో, అంటే ఉప్పునీటి టాంకులో, పెట్టే కోరల్‌కి (పగడపు జీవికి) ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. చీర రంగు లైటును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే. కోరల్ అలా కాదు. ఒక లైటు కింద చిలకపచ్చగా వెలుగుతుంది, ఇంకో లైటు కింద బురద రంగులో ఉంటుంది. రెండూ దాని రంగులే.

రాతి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్‌లు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటి జోలికి పోకండి. ఇక్కడ చెప్పేదంతా జోయాంథిడ్‌లు (చిన్న పువ్వుల గుంపులా పరుచుకునేవి), మష్రూమ్‌లు (పుట్టగొడుగు టోపీలా ఉండే కోరల్), లెదర్ కోరల్ (తోలులా మెత్తగా ఉండేది) లాంటి మెత్తని రకాల గురించే.

కోరల్ ఒంట్లో రంగు మూడు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది, కణాల్లో కాపురముండే జూజాంథెల్లే అనే నాచు. దాని రంగు గోధుమ. రెండోది, ఫ్లోరొసెంట్ ప్రొటీన్లు. ఇవి 450 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగును తీసుకుని పచ్చగానో నారింజగానో తిరిగి వెదజల్లుతాయి. మూడోది, వెలగని రంగు ప్రొటీన్లు. ఊదా, నీలం, కొన్ని ఎరుపులు వీటివల్లే. విశాఖలో రుషికొండ వైపు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మీద చాపలా పరుచుకున్న జోయాంథిడ్‌లను చూడండి. ఎండలో గోధుమ కలిసిన పచ్చగా, సాదాగా ఉంటాయి. వాటిని పీకి తేవద్దు, చూస్తే చాలు.

కోరల్ అమ్మే కొట్లో సాధారణంగా వెలిగేది నీలి లైటు. దాని కింద ఫ్లోరొసెంట్ రంగు తప్ప మిగతావి కంటికి దాదాపు ఆనవు. అందుకే రెండు వైపులా మోసపోతాం. వెలగని ఎర్ర మష్రూమ్ నీలి లైటు కింద నల్లటి ముద్దలా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ లైటులో తిప్పి పంపడానికి ఎరుపే లేదు. మంచి సరుకును బాలేదని వదిలేసి వస్తాం. రెండో మోసం ఇంకా ప్రమాదం. వేసవిలో చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేని టాంకులో నీరు 30 డిగ్రీలు దాటితే కోరల్ తన నాచును వదిలేసి పాలిపోతుంది. గోధుమ పొర పోయాక అడుగున ఉన్న ఫ్లోరొసెంట్ రంగు మరింత ధగధగలాడుతుంది. చావుకు దగ్గరైన జీవే టాంకులో అన్నిటికన్నా అందంగా కనబడుతుంది! మే నెలలో విశాఖలో కొనేవాళ్ళు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

ఆరోగ్యం తెలియాలంటే తెల్ల లైటే కావాలి. లైటులో నీలి వెలుగు తగ్గించి తెల్లది పెంచమని కొట్టువాణ్ణి అడగండి. కుదరదంటే ఫోన్ టార్చిని అద్దానికి ఆనించి, కాస్త ఏటవాలుగా పట్టుకుని పది సెకన్లు వేస్తే చాలు. ఎక్కువసేపు వేస్తే పాలిప్‌లు (కోరల్ మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న జీవాలు) ముడుచుకుంటాయి. అడుగు కండ లేత గోధుమగా, నిండుగా ఉండాలి. తెల్లగా, గాజులా పారదర్శకంగా ఉంటే వద్దు. పాలిప్ నోరు తెరుచుకుపోయి ఉన్నా, అంచులు కరిగినట్టున్నా వద్దు. ఇంకో సంగతి, నీలి వెలుగును పావుగంట చూస్తే కన్ను దానికి అలవాటుపడి అదే మామూలనుకుంటుంది. రెండు నిమిషాలు బయట ఎండలో నిలబడి వచ్చి మళ్ళీ చూడండి.

తెల్ల లైటులో రంగేసిన సరుకు కూడా బయటపడుతుంది. లెదర్ కోరల్ కాండం, టోపీ, పాలిప్‌లు అన్నీ ఒకే ముదురు పసుపులోనో గులాబీలోనో ఉంటే అనుమానించండి. సహజమైన రంగు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. సంచిలో నీటికి రంగు దిగితే ఇక సందేహమే లేదు.

కావలసిన రకం ఇక్కడ దొరక్క చెన్నై నుంచో ముంబయి నుంచో తెప్పించుకునేవాళ్ళకి ఫొటోయే గతి. మూడింట్లో బలహీనమైనది ఇదే. నీలి లైటు కింద ఫోన్ కెమెరా తెలుపును సరిగ్గా అంచనా వేయలేదు. నారింజ ఫిల్టరు పెట్టి తీస్తే నీలం తగ్గి పచ్చలు, నారింజలు ఎగిసి పడతాయి. అది మోసమని అనలేం గానీ, కంటికి కనిపించేది మాత్రం అది కాదు. కోరల్‌ని కాకుండా దాని చుట్టుపక్కల చూడండి. ఫ్రాగ్ ప్లగ్గు (కోరల్ ముక్కను అంటించే చిన్న దిమ్మ), ఇసుక గులాబీగానో నారింజగానో తిరిగితే రంగులు పెంచారన్నమాట. పక్కన తెల్ల ప్లాస్టిక్ చెంచా పెట్టి, లైటును నీలం నుంచి తెలుపుకి మారుస్తూ ఒకే వీడియో, మధ్యలో ఆపకుండా, తీసి పంపమనండి. ముక్క కోసిన తల్లి కాలనీది (పెద్ద కోరల్‌ది) కాదు, మీకు పంపబోయే ముక్కదే కావాలని గట్టిగా చెప్పండి.

అంటే కొనాలా వద్దా అన్నది తెల్ల లైటుతో తేల్చుకుని, ఏ రంగుదన్నది నీలి లైటుతో ఎంచుకోవడమే మేలు. అదీ మీ ఇంటి లైటును బట్టి. లైటు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంగా మారుతుంది. ఇంట్లో 6,500 కెల్విన్ తెల్ల లైటు ఉంటే ఊదా, ఎర్ర మష్రూమ్‌లు నిండుగా కనిపిస్తాయి, పచ్చ జోయాంథిడ్‌లు మామూలుగా తేలిపోతాయి. 20,000 కెల్విన్ దగ్గర నీలంగా నడిపేవాళ్ళకి సరిగ్గా ఇది తిరగబడుతుంది.

ఇంటికొచ్చాక లైటు సగం జోరుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి. నీటిలో నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే సరిపోతుంది. అంతకు బాగా పెరిగితే నాచు పెరిగి రంగు గోధుమలోకి దిగుతుంది. రెండూ సున్నాకి పడితే పాలిపోతుంది. కొత్త టాంకులో రంగు కుదురుకోవడానికి నెల నుంచి రెండు నెలలు పడుతుంది కాబట్టి వారానికే లైటూ నీరూ మార్చేయకండి. జోయాంథిడ్‌ల ప్లగ్గును ముట్టుకునేటప్పుడు చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. వాటిలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే కఠిన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్ళలో మరిగించవద్దు, ఆ ఆవిరి పీల్చినా ఆసుపత్రి పాలవుతారు.