గజ్జెలు విప్పాక ఏది మేలు: వేదికా, నృత్యరచనా, రిహార్సల్ గదా, పాఠమా?

పారిస్ ఒపేరా బ్యాలేలో నర్తకులు 42 ఏళ్లకు రిటైరవుతారు. ఎంత పెద్ద స్టారైనా సరే, ఆ వయసు రాగానే వీడ్కోలు ప్రదర్శన ఇచ్చి, పింఛను పుచ్చుకుని బయటికి రావాల్సిందే. సరిగ్గా అదే 42వ ఏట, 1962లో, బ్రిటిష్ బ్యాలే నర్తకి మార్గో ఫాంటెయిన్ లండన్‌లో తనకన్నా 19 ఏళ్లు చిన్నవాడైన రుడాల్ఫ్ నురేయెవ్ సరసన ‘జిసెల్’ బ్యాలే ఆడింది. ఇక ఈమె పని అయిపోయిందనుకునే వయసులో కుదిరిన ఆ జోడీ, తర్వాత ఏళ్ల తరబడి దేశదేశాలు తిరిగింది. ఇంకో బ్యాలే స్టార్ మిఖాయిల్ బరిష్నికోవ్‌కి 1990లో 42. గాలిలో తేలిపోతాడని పేరుపడ్డ మనిషి ఆ ఏడే నృత్యరచయిత మార్క్ మోరిస్‌తో కలిసి వైట్ ఓక్ డాన్స్ ప్రాజెక్ట్ పెట్టి, అంతగా ఎగరాల్సిన పనిలేని ఆధునిక నృత్యం వైపు మళ్లాడు.

వయసు ఒకటే, దారులు మూడు. అందుకే ఎన్నేళ్లకు మానేయాలి అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతే లాభం లేదు. ఇన్నాళ్లూ చేసిన పనిలోంచి ఏ ముక్కను పట్టుకుని ముందుకెళ్లాలన్నదే అసలు బేరం. చుట్టూ ఉన్నవాళ్ల సలహాలు ఎలాగూ సిద్ధంగా ఉంటాయి. “ఏముంది, క్లాసులు పెట్టుకో” అని ఒకరు, “నువ్వే కొరియోగ్రఫీ చెయ్యొచ్చుగా” అని ఇంకొకరు. నర్తకి తర్వాత గురువు, గురువు తర్వాత నృత్యదర్శకురాలు అని ఏదో ప్రమోషన్ల వరస ఉన్నట్టు మాట్లాడతారు. అలాంటి వరసేమీ లేదు. ఇవి వేటికవే వేరు వృత్తులు; వేటికి కావలసిన చూపు వాటిదే.

వేదిక మీదే ఉండిపోవడం

చాలామంది మనసు లాగేది ఇటే. ఒంట్లో ముందుగా తగ్గేది ఎగురు. తర్వాత కోలుకునే వేగం: ఇదివరకు రాత్రి ప్రదర్శన చేసి పొద్దున్నే క్లాసుకు వెళ్లిన కాళ్లు, ఇప్పుడు మర్నాడు మధ్యాహ్నానికిగానీ మాట వినవు. వార్మప్ సమయం పెరుగుతుంది. తుంటి, మడమ, మోకాలు వంతులేసుకుని గుర్తు చేస్తుంటాయి. దీనికి మందు పాత అంశాలనే కొంచెం తగ్గించి చేయడమని అనుకుంటే మాత్రం ప్రేక్షకుడికి కనిపించేది ఆ తగ్గింపే.

వెండీ వీలన్ ఎంచుకున్న పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. న్యూయార్క్ సిటీ బ్యాలేలో ముప్పై ఏళ్ల దాకా ఉన్న మనిషి. సంస్థను వదలకముందే, 2013లో, నలుగురు యువ నృత్యదర్శకుల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరితో ఒక్కో యుగళం చేయించుకుని, వాళ్లతోనే కలిసి ఆడింది. తుంటికి శస్త్రచికిత్స కూడా ఆ ఏడే. 2014లో సంస్థకు వీడ్కోలు చెప్పింది. 2019లో అదే సంస్థకు అసోసియేట్ ఆర్టిస్టిక్ డైరెక్టర్‌గా తిరిగొచ్చింది. ఇందులో గమనించాల్సింది ఆ వరుస క్రమం. పాత తలుపు మూసుకోకముందే కొత్తది సగం తెరిచి ఉంచింది.

నృత్యరచయిత జిరీ కిలియాన్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1991లో నెదర్లాండ్స్ డాన్స్ థియేటర్‌లో నలభై దాటినవాళ్ల కోసమే మూడో బృందాన్ని ఏర్పాటు చేశాడు. వాళ్ల ఒళ్లు ఏం చేయగలదో దాని మీదే కొత్త రచనలు పుట్టాయి. అంత పేరున్న బృందం 2006లో మూతపడింది. అనుభవజ్ఞులైన నర్తకుల గురించి అందరూ గొప్పగానే మాట్లాడతారు, నెలనెలా జీతమిచ్చి పోషించేవాళ్లు మాత్రం అరుదు.

అభినయం ఉన్న నృత్యాలవాళ్లకు ఇక్కడ కాస్త వెసులుబాటు ఉంది. జతులు తగ్గించి పదాలు, జావళీల వైపు మొగ్గవచ్చు. కూర్చున్నచోటు నుంచే క్షేత్రయ్య పదాన్ని చూపించవచ్చు. కూచిపూడిలో స్త్రీ పాత్రలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ వయసు మీద పడ్డాక కూడా సత్యభామగా జడ పట్టుకుని నిలబడితే జనం చూసింది ఆ కళ్లనే, కాళ్ల వేగాన్ని కాదు. అయితే ఇది నలభై అయిదో ఏట హఠాత్తుగా తీసుకోగలిగిన దారి కాదు. పాతికేళ్లప్పుడు అడుగుల మీదే ప్రాణం పెట్టి, సాహిత్యాన్ని “ముఖం ఏదో పెడితే సరిపోతుంది” అని దాటేసినవాళ్లకు అప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

మొత్తంగా మానేయకుండా, ఒక్క రకం ప్రదర్శన మానేయడం కూడా ఒక మార్గమే. బ్రిటిష్ నర్తకుడు, నృత్యరచయిత అక్రమ్ ఖాన్ 2018లో ‘జెనోస్’తో పూర్తి నిడివి సోలోలకు స్వస్తి చెప్పాడు, నృత్యరచన మాత్రం ఆపలేదు.

నృత్యరచన

మంచి నర్తకికి అడుగు లోపలి నుంచి తెలుసు. బరువు ఏ కాలి మీద ఉంది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, తల ఎప్పుడు తిరగాలి అన్నీ ఒంటికి తెలుసు. నృత్యరచయితకు కావలసింది బయటి చూపు. ఇరవై నిమిషాల్లో ప్రేక్షకుడి కన్ను ఎటు పోతుంది, ఏ చోట విసుగు మొదలవుతుంది, ఖాళీ వేదిక ఎంతసేపు నిలబడగలదు అన్నది. ఆపైన సంగీతం, దీపాలు, డబ్బు, పదిమంది మనస్తత్వాలు.

ఈ పని మీ ఒంటికి పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మీ ఒంటి మీద ఒక అరనిమిషం కదలిక అల్లండి. అందులో మీకు తెలియకుండానే మీ పొడుగు చేతులు, ఎడమ వైపు తిరగడంలో మీకున్న సుఖం, పాత గాయం వల్ల మీరు తప్పించుకునే కోణం అన్నీ చేరిపోతాయి. ఇప్పుడు దాన్ని పొట్టిగా, వేగంగా కదిలే ఇంకో మనిషికి నేర్పండి. అది మీరనుకున్నట్టు రాదు. తిరగడం ముందే అయిపోతుంది, చెయ్యి ఆలస్యంగా వస్తుంది. ఆ క్షణంలో మీకు “అలా కాదు, చూడు” అని లేచి చూపించాలనిపించిందా? లేక “ఆగు, ఇప్పుడేం చేశావు, మళ్లీ చెయ్యి” అనిపించిందా? రెండోది అనిపించినవాళ్లే నృత్యరచనకు వెళ్లాలి. మొదటిది అనిపించడం తప్పేమీ కాదు. వాళ్లకు ఇంతకన్నా నప్పే పని ఉంది, కిందనే చెప్తాను.

ఈ దారిలో ఒంటి మీద ఆధారం తక్కువ కాబట్టి ఎక్కువ కాలం సాగుతుంది. అమెరికన్ ఆధునిక నర్తకి మార్తా గ్రాహమ్ డెబ్బై దాటేదాకా వేదిక దిగలేదు, దిగడం ఆమెకు ఎంతమాత్రం ఇష్టంలేదు కూడా. కానీ రచన ఆగలేదు: 1990లో, 96 ఏళ్ల వయసులో ‘మేపుల్ లీఫ్ రాగ్’ చేసింది. ఇంకో అమెరికన్ నృత్యరచయిత మెర్స్ కన్నింగ్‌హామ్‌కి కీళ్లవాతం. లేచి చూపించడం కష్టమైనప్పుడు ‘లైఫ్ ఫార్మ్స్’ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో బొమ్మ మనుషుల్ని కదిలించి చూసుకునేవాడు. 1991 నాటి ‘ట్రాకర్స్’ అలా పుట్టిందే. తన ఒంటికి అలవాటైన దారులు ఆ బొమ్మలకు తెలియవు గనక, తనకే తట్టని కదలికలు దొరికేవి. మన దగ్గర వెంపటి చినసత్యం గారిని చూడండి. సినిమాలకు నృత్యం కూర్చి, 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఆయన పేరు నిలబెట్టింది తను ఆడిన పాత్రలకన్నా తను కూర్చిన నృత్యనాటకాలే.

లోటు ఏమిటంటే, ఇది అన్నిటికన్నా నిలకడలేని సంపాదన. ఒక రచన అయ్యాక మళ్లీ సున్నా నుంచి మొదలు.

రిహార్సల్ గది

దీని గురించి ఎవరూ సలహా ఇవ్వరు. బయటివాళ్లకు ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందనే తెలియదు. ఉన్న రచనను ఉన్నట్టుగా కొత్తవాళ్ల ఒంట్లోకి ఎక్కించేవాళ్లు, బృందానికి రోజూ పదును పెట్టేవాళ్లు. బ్యాలేలో రెపెటిటర్ అంటారు, మిగతాచోట్ల రిహార్సల్ డైరెక్టర్.

వీడియో ఉందిగా, చూసి నేర్చుకోరా అని అడుగుతారు. చూడండి ఏమవుతుందో. వీడియోలో నర్తకి మనవైపు తిరిగి ఉంటుంది, అంటే కుడిఎడమలు తారుమారు. మొదటి గంట అక్కడే పోతుంది. ఆ రోజు ఆమె ఒక లెక్క ఆలస్యంగా వచ్చింది, కొత్త పిల్ల ఆ ఆలస్యాన్నే శ్రద్ధగా నేర్చుకుంటుంది. చెయ్యి పైకి లేవడం కనిపిస్తుంది. ఆ చెయ్యి వీపు నుంచి మొదలైందా, మణికట్టు నుంచా అన్నది కనిపించదు. నలుగురు వరసలో ఉన్నప్పుడు మూడో మనిషి ఎవర్ని చూసి కదలాలి? సంగీతాన్ని కాదు, ముందున్న మనిషి భుజాన్ని. ఇది ఏ వీడియోలోనూ ఉండదు. ఆ మూడో స్థానంలో ఏళ్లపాటు నిలబడ్డవాళ్ల దగ్గరే ఉంటుంది.

బ్యాలే రచయిత జార్జ్ బాలన్షిన్ 1983లో పోయాడు. ఆయన పేరిట 1987లో ఏర్పడ్డ ట్రస్టు, ఆయన రచన ఏ బృందం చేసినా నేర్పడానికి మనిషిని పంపుతుంది. కన్నింగ్‌హామ్ బృందం 2011 డిసెంబర్ 31తో ముగిసిపోయింది, అయినా ఆయన రచనలు పాత నర్తకుల చేతుల మీదుగా కొత్త బృందాలకు వెళ్తూనే ఉన్నాయి. జర్మన్ నృత్యరచయిత్రి పీనా బౌష్ 1975లో చేసిన ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ని 2021లో ఆఫ్రికా దేశాల నర్తకులు ఆడగలిగారంటే, ఆ మట్టి పరిచిన వేదిక మీద ఒకప్పుడు ఆడినవాళ్లు వెళ్లి నేర్పబట్టే. నృత్యాన్ని కాగితం మీద రాసే పద్ధతులు లేకపోలేదు. లాబాన్ సంకేతాలు 1928 నుంచీ ఉన్నాయి. అయినా రాతతో పాటు మనిషీ వెళ్లాల్సిందే.

మనకు ఇది పరాయి పనేమీ కాదు. తాళాలు పట్టుకుని పక్కన కూర్చుని నట్టువాంగం చేసే మనిషి చేతిలోనే మొత్తం ప్రదర్శన ఉంటుంది. ఏ జతి దగ్గర ఎవరు తడబడతారో తెలిసి, అర మాత్ర ముందే కంటితో హెచ్చరించేది వాళ్లే. గజ్జెలు విప్పి తాళాలు పట్టుకోవడాన్ని వెనక్కి తగ్గడంగా చూసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

“అలా కాదు, చూడు” అనిపించేవాళ్లకు ఈ పని పుట్టుకతో కుదిరినట్టుంటుంది. ముఖ్యంగా పెద్ద పాత్రలు దక్కకపోయినా బృందంలో అన్ని స్థానాలూ తెలిసినవాళ్లకు. పోస్టరు మీద పేరు ఉండదు, ఉన్నా చిన్న అక్షరాల్లో. సంస్థలో ఉంటే జీతం మాత్రం నృత్యరచన కన్నా నిలకడ.

పాఠం చెప్పడం, లేదా పూర్తిగా వదిలేయడం

పాఠం గురించి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క హెచ్చరికతో సరిపెడతాను. ఒంటికి విశ్రాంతి అని క్లాసుల్లోకి వచ్చేవాళ్లు, సరైన వార్మప్ లేకుండా, ఒకే పక్కన, రోజంతా చేసి చూపిస్తూ ప్రదర్శనలకన్నా ఎక్కువగా కీళ్లు అరగదీసుకుంటారు. కూర్చుని మాటతో దిద్దగలిగితేనే ఇది దీర్ఘకాలం నడుస్తుంది. పిల్లలు అదే తప్పు అదే చోట మళ్లీ చేసినప్పుడు విసుగు పుడితే, ఆదాయం ఎంతున్నా ఇది మీది కాదు.

పూర్తిగా వదిలేయడానికి భయపడేవాళ్లకు చంద్రలేఖ కథ చెప్పాలి. భరతనాట్యంలో పేరొచ్చాక వేదికను పక్కనపెట్టి, ఏళ్లపాటు రాతలు, పోస్టర్లు, స్త్రీల ఉద్యమాల్లో గడిపింది. 1985లో ‘అంగిక’తో తిరిగొచ్చినప్పుడు నాట్యం పక్కనే యోగా, కేరళ యుద్ధవిద్య కళరిపయట్టు వేదికెక్కాయి. బయట గడిపిన కాలమంతా ఆ రచనలోకి వచ్చింది. అందరూ తిరిగి రారు, రావాలనీ లేదు. ఫిజియోథెరపీ, లైటింగ్, స్టేజ్ మేనేజ్‌మెంట్, నాట్యంతో సంబంధంలేని చదువులు ఏవైనా పనికొస్తాయి. కెనడాలో 1985లోనే నర్తకుల వృత్తి మార్పు కోసం ప్రత్యేక సంస్థ పుట్టింది. అమెరికాలోనూ అదే ఏడు, నెదర్లాండ్స్‌లో మరుసటి ఏడు. అలాంటి అండ లేనిచోట చదువు ఖర్చు నర్తకే పెట్టుకోవాలి గనక, ఆడుతున్న రోజుల్లోనే మొదలుపెట్టడం తప్ప వేరే దారి లేదు.

నా తీర్పు అడిగితే: ఒంట్లో ఇంకా శక్తి ఉండి, కొత్త రచయితలతో పనిచేసే అవకాశం ఉన్నంతకాలం వేదికే. అది సన్నగిల్లుతున్నప్పుడు పదిమందిలో ఎక్కువమందికి రిహార్సల్ గది, కొద్దిమందికి నృత్యరచన. ఇంకేదీ తోచలేదన్న ఒక్క కారణంతో పాఠం వైపు వెళ్లడం మాత్రం వద్దు. ఏది మీదో ఇంకా తేలకపోతే వచ్చే ప్రదర్శనకు రెండో వరుస తారాగణాన్ని సిద్ధం చేసే బాధ్యత నాకివ్వండని అడగండి. సాధారణంగా ఎవరికీ ఇష్టంలేని పని, కాబట్టి ఇస్తారు. నెల తిరిగేలోపు, సాయంత్రం ఇంటికి వెళ్తూ మీరు ఆలోచిస్తున్నది ఆ పిల్ల భుజం గురించా, ఆ అంశం ఇంకోలా ఉంటే ఎలా ఉండేదనా, లేక ఆ స్థానంలో నేనుంటే బాగుండునా అన్నది మీకే తెలుస్తుంది.