ధాతువా, ఖనిజమా, ముడిఖనిజమా: ఏది మేలు?

లోహం తీయడానికి పనికొచ్చే రాయిని తెలుగు మీడియం పదో తరగతి పుస్తకం ధాతువు అంటుంది. పేపర్లు ఇనుప ఖనిజం అంటాయి. బళ్లారి వైపు లారీలు నడిపేవాళ్లు ఓర్ అనేసి ఊరుకుంటారు. అక్కడివాళ్లకు దీంతో పేచీ లేదు. బెంగళూరులో ఇంట్లో తెలుగు, బడిలో ఇంకో రెండు భాషలు నడిచే పిల్లలకు సైన్సు చెప్పబోతేనే తలనొప్పి మొదలవుతుంది.

ముందు ధాతువు సంగతి. హిందీ పుస్తకం తెరిస్తే ధాతు అంటే లోహం. కన్నడ మీడియం సైన్సులో ధాతు అంటే మూలకం. ఆవర్తన పట్టిక పాఠం పేరులోనే ఆ మాట ఉంటుంది. సెలవుల్లో చెన్నై చుట్టాలింటికి వెళ్తే తమిళ పేపర్లో ఇరుంబు తాదు కనిపిస్తుంది, అది మన అర్థమే. "ఇనుము ధాతువు కాదు, హెమటైట్ దాని ధాతువు" అని మనం చెబితే, హిందీ బాగా ఒంటబట్టిన పిల్లకు మొదటి ముక్కే తప్పుగా వినిపిస్తుంది. పోనీ తెలుగులోనైనా ఈ మాట ఒక్క పనికి కట్టుబడి ఉందా అంటే అదీ లేదు. వ్యాకరణంలో క్రియకు మూలం ధాతువు. ఆయుర్వేదంలో రసం, రక్తం మొదలుకొని ఏడు ధాతువులు. పాతకాలం వైద్యుడు చెయ్యి పట్టి చూసేదీ ధాతువే. స్తూపంలో అస్థికలు భద్రపరిచిన చోటు ధాతుగర్భం.

ఖనిజానికి ఈ గొడవ లేదు. గనిలో పుట్టింది ఖనిజం, అర్థం మాటలోనే ఉంది. కాకపోతే దీని పరిధి మరీ ఎక్కువ. మంగంపేట ముగ్గురాయి ఖనిజమే, అందులో బేరియం అనే లోహమూ ఉంది. కానీ అది ఎక్కువగా చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం కలపడానికే పోతుంది. లోహం కోసం తవ్వే రాయి కాదది. బాక్సైట్‌ది ఇంకో తీరు. అల్యూమినియం వచ్చేది దాన్నుంచే, అయినా అది ఒక్క ఖనిజం కాదు, గిబ్సైట్, బోమైట్ లాంటివి కొన్ని కలిసిన రాయి.

మరి ఏ రాయిని ఓర్ అనాలి? లోహం ఉంటే చాలదు, తీస్తే గిట్టుబాటు కావాలి. బెంగళూరు నుంచి వంద కిలోమీటర్ల దూరంలో కోలార్ బంగారు గనులు ఉన్నాయి. అక్కడ బంగారం పలుగురాతి చారల్లో ఉంటుంది. ఆ చారల వెంటే తవ్వుకుంటూ నేల లోపలికి 3 కిలోమీటర్లు దాటి పోయారు. లోతుకు పోయేకొద్దీ ఖర్చు పెరిగింది, టన్ను రాయికి దొరికే బంగారం తగ్గింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. అడుగున మిగిలిన రాయి మారలేదు, అందులో బంగారమూ ఎక్కడికీ పోలేదు. లెక్క తప్పింది, అంతే. ధర పెరిగితే అదే రాయి మళ్లీ పనికొచ్చే సరుకవుతుంది. గనుల పక్కన గుట్టలుగా పడి ఉన్న తుక్కు మట్టిలోంచి మళ్లీ బంగారం తీద్దామనే మాట ఊరికే రాలేదు. ఖనిజం అన్న మాటలో ఈ లాభనష్టాల వాసనే లేదు.

అందుకే నా ఓటు ముడిఖనిజానికి. ముడి అనగానే ఇంకా ఏదో చేయాలని, శుద్ధి చేయాలని తెలుస్తుంది. పుస్తకంలో ఖనిజ మాలిన్యం (రాయిలో లోహంతో పాటు ఉండే పనికిరాని మట్టీ మశానం) అనే మాట ఎలాగూ ఉంది; ముడిఖనిజంలోంచి మాలిన్యం తీసేస్తున్నారంటే పిల్లకు బొమ్మ గీయక్కర్లేకుండానే అర్థమవుతుంది. కాస్త పొడుగు మాటే, ఒప్పుకుంటాను. ముందు లోహం పేరు ఉన్నప్పుడు ఆ పొడుగు అక్కర్లేదు. ఇనుప ఖనిజం, రాగి ఖనిజం అంటే చాలు, ఎవరూ పొరబడరు.

ఒక్క మాట మాత్రం వద్దే వద్దు: ఇనుప రాయిని ముడి ఇనుము అనడం. వార్తల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ముడి ఇనుము అంటే బ్లాస్ట్ కొలిమిలో కరిగాక దిగే సరుకు, సుమారు 4 శాతం కార్బన్‌తో పెళుసుగా ఉంటుంది. కుద్రేముఖ్‌లో 2005 చివరిదాకా తవ్వింది ముడి ఇనుము కాదు, మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. దాన్ని పొడి చేసి, శుద్ధి చేసి, నీళ్లలో కలిపి గొట్టంలో మంగళూరుకు పంపేవారు. కొలిమి ఆ తర్వాతి సంగతి. రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే ఎగుమతి వార్త చదివేవాడికి ఓడలో వెళ్లింది రాయో లోహమో తెలియదు.

ఓర్‌కు కన్నడిగుల దగ్గర అదిరు అనే ముచ్చటైన మాట ఉంది. అరువు తెచ్చుకుందామంటే మనకు అదిరితే వేరే అర్థం. ఇనుప అదిరు అని రాస్తే సినిమా పోస్టర్ అనుకుంటారు.

తెలుగు మీడియంలో పరీక్ష రాసేవాళ్లు మాత్రం నా ఓటును నమ్ముకోకుండా ధాతువు అనే రాయండి. దిద్దేవాళ్ల చేతిలో ఉండేది ఆ పుస్తకమే.