హైఫెట్జ్ వాయించిన మెండెల్సన్ ఇ మైనర్ కన్సెర్టో: మావయ్య తొందర అన్నాడు, నేను కాదంటాను

ముందే చెప్పేస్తున్నా, నాకు వెస్టర్న్ క్లాసికల్ పెద్దగా తెలీదు. బరంపురంలో పుట్టి పెరిగినోణ్ణి. విజయనగరం మ్యూజిక్ కాలేజీలో చదువుకొచ్చిన మాస్టారి దగ్గర నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకుని వర్ణాల దగ్గర ఆగిపోయా. అందుకే మధ్య మధ్యలో సరిగమలు అడ్డొస్తాయి, సర్దుకోండి.

సీడీ ఇదీ: జర్మన్ స్వరకర్త మెండెల్సన్ రాసిన ఇ మైనర్ (ఇ అనే స్వరం షడ్జమంగా ఉన్న మైనర్ స్కేలు) కన్సెర్టో, అంటే ఆర్కెస్ట్రా తోడుగా ఒక్క వయొలిన్ ముందుండి వాయించే మూడు భాగాల రచన. జాషా హైఫెట్జ్ వయొలిన్, బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా, కండక్టర్ (ఆర్కెస్ట్రాని నడిపించేవాడు) చార్లెస్ మ్యూంష్, 1959 రికార్డింగ్, ఆర్సీఏ అనే రికార్డు కంపెనీ వాళ్ళది. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌ది తెప్పించా. కేసు ఓ మూల పగిలొచ్చింది, లోపల పుస్తకం లేదు, డిస్క్ మీద మాత్రం గీత లేదు కాబట్టి అమ్మినాయనతో గొడవెందుకని ఊరుకున్నా.

ఇంక అసలు సంగతి, స్పీడు. ఈ కన్సెర్టో మామూలుగా ఇరవై ఆరు ఇరవై ఏడు నిమిషాలు పడుతుంది, ఈయన సుమారు 24లో తేల్చేస్తాడు. బరంపురంలో ఎక్స్‌ప్రెస్ కదిలినప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇచ్ఛాపురం వచ్చేసరికి అయిపోతుంది, చేసి చూశా. మా మావయ్య అయితే రెండు నిమిషాలు విని "ఏటిరా అల్లుడూ, ఈయనకేటి పలాస పాసింజరు తప్పిపోతందా" అనీసాడు.

నేను కూడా మొదటిసారి అలాగే అనుకున్నా. ఎందుకంటే మైనర్ అంటే మనకి శోకమే, సినిమా పాటలు అలా అలవాటు చేశాయి, కీరవాణి రాగం ఛాయ తగలగానే కళ్ళు తుడుచుకోడానికి రెడీ అయిపోతాం. ఇక్కడ అది కుదరదు. ఆర్కెస్ట్రా ఒకటిన్నర బారు (తాళంలో ఒక చుట్టు లాంటిది) గుసగుసలాడుతుంది, అంతే, వయొలిన్ పై తీగ మీద ఎక్కడో ఎత్తులో అందుకుంటుంది. వాళ్ళ వయొలిన్ పై తీగ శ్రుతి ఇ, ఈ కన్సెర్టోకి ఆధార షడ్జమం కూడా ఇ, అందుకే ఆ గొంతుకి అంత మెరుపు. మెండెల్సన్ 1838లోనే తన ఫ్రెండ్ ఫెర్డినాండ్ డేవిడ్‌కి ఉత్తరం రాశాడు, ఇ మైనర్‌లో ఒకటి బుర్రలో తిరుగుతోంది, దాని మొదలు నన్ను కుదురుగా ఉండనివ్వట్లేదు అని. పూర్తయ్యేసరికి 1844, లైప్‌జిగ్‌లో ఆ డేవిడే మొదటిసారి వాయించేసరికి 1845 మార్చి. మనిషిని ఆరేళ్ళు కుదురుగా ఉండనివ్వని ట్యూన్‌ని జోకొట్టి వాయిస్తే ఎలాగండీ? నోటేషన్ పైన రాసింది కూడా అల్లెగ్రో మోల్తో అప్పాసియోనాతో, అంటే బాగా వేగంగా, ఆవేశంగా. హైఫెట్జ్ ఏడవడు, అస్థిమితంగా తిరుగుతాడు. నాలుగైదు సార్లు విన్నాక నాకు అదే కరెక్ట్ అనిపించింది.

కానీ ఒక్క చోట మాత్రం ఒప్పుకోను. మొదటి భాగంలో రెండో ట్యూన్ జి మేజర్‌లో, అంటే జి షడ్జమంగా శంకరాభరణం స్కేల్లో వస్తుంది, దాన్ని క్లారినెట్లూ ఫ్లూట్లూ పాడుతుంటే వయొలిన్ కింది తీగ జి ఒక్కటే పట్టుకుని నిలబడుతుంది. అచ్చం మన శ్రుతి పెట్టెలాగ! అంత పెద్ద విద్వాంసుడు వచ్చి వేరేవాళ్ళ పాటకి తంబురా వేస్తున్నట్టు, ఎంత మంచి ఐడియానో కదా. అక్కడ కాస్త కూర్చోవాలి. ఈయన కూర్చోడు. పైగా రికార్డింగ్‌లో మైకు వయొలిన్‌కి దగ్గరగా పెట్టినట్టుంటుంది, వెనకాల వాళ్ళు పక్కింట్లోంచి వినిపించినట్టు.

కడెంజా గురించి చెప్పాలి, అంటే ఆర్కెస్ట్రా ఆగిపోయి వయొలిన్ ఒక్కటే వాయించే ఘట్టం. మామూలుగా అది చివర్న, మన తని ఆవర్తనంలాగ. మెండెల్సన్ దాన్ని మధ్యలోకి లాగి, ప్రతి స్వరం తనే రాసిపెట్టాడు. ఆ కడెంజా చివర్న విల్లు నాలుగు తీగల మీదా గెంతుతూ ఉండగానే కింద నుంచి ఆర్కెస్ట్రా మొదటి ట్యూన్ మళ్ళీ ఎత్తుకుంటుంది, అక్కడ హైఫెట్జ్ విల్లు విని నేను నేర్చుకున్న నాలుగేళ్ళూ దండగ అనిపించింది.

తర్వాత బసూన్, లోగొంతుతో పలికే ఊదుడు వాద్యం. మొదటి భాగం ధన్‌మని ముగిసిందా, బసూన్ ఒక్కటీ బి స్వరం వదలకుండా పట్టుకుంటుంది, అది మెల్లగా సి కి ఎక్కుతుంది, సి మేజర్‌లో రెండో భాగం. ఇ కి పంచమంగా ఉన్న స్వరమే, సి కి నిషాదం అయిపోయి షడ్జమంలోకి ఒదిగింది. మా మాస్టారు శ్రుతి భేదం చెప్పినప్పుడు తలకెక్కలేదు, ఇక్కడ ఎక్కింది. ఫోన్లో వినేవాళ్ళు గ్యాప్ లేకుండా వచ్చే సెట్టింగ్ పెట్టుకోండి, లేకపోతే ఈ అతుకు తెగిపోతుంది.

రెండో భాగం ఆందాంతే, అంటే నడక. చాలామంది దాన్ని సాగదీసి జోలపాట చేస్తారు. ఈయన నడుస్తాడు, ఆగడు, ముక్కు చీదడు. మధ్యలో ఎ మైనర్‌లోకి వెళ్ళినప్పుడు మాత్రం గొంతు కొంచెం బిగుసుకుంటుంది. నిజం చెప్పాలంటే ఇక్కడ నాకు వయొలినిస్ట్ మెనూహిన్, కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్ కలిసి 1952లో బెర్లిన్‌లో చేసినదే ఎక్కువ ఇష్టం, అది మనిషి పక్కన కూర్చుని మాట్లాడినట్టుంటుంది. సౌండ్ పాతది, అంతే.

మూడోది ఇ మేజర్. శంకరాభరణం వెలుగు. ఇంత స్పీడులో కూడా ఒక్క స్వరం నలగదు, గింజ గింజకీ విడిగా వండిన అన్నంలాగ. సీడీలో మిగతాది చైకోవ్‌స్కీ కన్సెర్టో, 1957లో కండక్టర్ రైనర్, చికాగో ఆర్కెస్ట్రా వాళ్ళతో, అది ఇంకా సరిగ్గా వినలేదు.

మావయ్యకి మూడోది నచ్చేసింది. మొన్న ఆదివారం వచ్చి మళ్ళీ పెట్టమన్నాడు, మొదటి ట్రాక్ మాత్రం వద్దంట.