తెలుగు పిక్సెల్ ఫాంట్ అని అమ్ముతున్నది తెలుగు ఫాంటే కాదు, డబ్బు కట్టకండి

రెట్రో ఫాంట్ల ప్యాక్ (పాత వీడియో గేముల్లోలా చుక్కచుక్కలుగా కనబడే అక్షరాలు) అమ్ముతున్నాడు కదా, ఆయన గురించే. పేరు రాయడం లేదు, చిన్న గేములు చేసుకునే వాళ్లందరికీ తెలిసిన మనిషే. నిన్న రాత్రి 3,500 కట్టాను. సంక్రాంతికి వదులుదామని చేస్తున్న గాలిపటాల గేమ్ కోసం.

ఫైల్ ఎక్కించగానే ఇంగ్లిష్‌లో స్కోరు చక్కగా కనబడింది. ‘మాంజా తెగింది’ అని రావాల్సిన చోట మాత్రం వరసగా ఖాళీ డబ్బాలు. అందులో ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు. ఫాంట్ ఫైళ్లను విప్పి చూపించే ఫాంట్‌ఫోర్జ్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాను. పైన పేరు మార్చాడు గానీ కాపీరైట్ గడిలో పాత వివరాలు అలాగే వదిలేశాడు. అది ప్రెస్ స్టార్ట్ 2పీ! 1980ల నాటి నామ్కో ఆర్కేడ్ గేముల అక్షరాలను చూసి కోడ్‌మ్యాన్38 అనే డిజైనర్ చేసిన ఫాంట్, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాని ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ప్రకారం మన గేమ్‌లో పెట్టుకుని ఆ గేమ్‌ను అమ్ముకోవచ్చు. ఫాంట్‌ను విడిగా అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఈయన అమ్మింది అదే.

వెంటనే ఫోన్ చేశాను. “సార్, మీ ప్రివ్యూలో సంక్రాంతి శుభాకాంక్షలు అని తెలుగులో ఉంది కదా, ఆ అక్షరాలేవి?” అని అడిగాను. “అది బొమ్మగా గీసింది బ్రదర్. అయినా గేమ్‌లో తెలుగు ఎవడు చదువుతాడు? ఇంగ్లిష్ పెట్టేసుకో” అన్నాడు. తెలుగువాడే, ఆ మాట అన్నది కూడా తెలుగులోనే. నేను ఇంకేదో అనేలోపు ఫోన్ పెట్టేసి బ్లాక్ చేశాడు. ఎవరు చదువుతారా? మా అక్క కూతురు చదువుతుంది. ఇప్పుడిప్పుడే గుణింతాలు నేర్చుకుంటోంది, ఈ గేమ్ మొదలుపెట్టిందే దాని కోసం. డబ్బు పోయినదానికన్నా ఆ మాటే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

తప్పు నాది కూడా. ఆ ఫాంట్‌లో ఒక్కో అక్షరానికి అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కలే. ఇంగ్లిష్ ‘A’కి సరిపోయే గడి అది. ‘క్రా’ రాయాలంటే పైన దీర్ఘం, మధ్యలో క, కింద రావత్తు రావాలి. ‘క్ష్మి’ అయితే ఇంకా కష్టం. ఎనిమిది వరసల్లో ఇవన్నీ విడివిడిగా కనబడేలా ఎలా పడతాయి? తెలుగుకు కనీసం అంతకు రెట్టింపు ఎత్తు కావాలని కొనేముందే ఆలోచించాల్సింది. ప్రివ్యూ చూసిన సంతోషంలో కట్టేశాను.

ఎవరి దగ్గరైనా సరే, బొమ్మ చూసి కొనకండి. ‘లక్ష్మి’, ‘స్త్రీ’ టైప్ చేసి వీడియో పంపమనండి. ఇంగ్లిష్ అక్షరాలు చాలనుకుంటే ప్రెస్ స్టార్ట్ 2పీ ఉచితంగానే దించుకోండి, సైజు 8, 16, 24 ఇలా పెడితేనే చుక్కలు మసకబారకుండా ఉంటాయి.

పేమెంట్ స్క్రీన్‌షాట్లు దాచి పొద్దున్నే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. ఆయనకు ఇంకెవరైనా కట్టి ఉంటే మీరూ ఈరోజే చెయ్యండి.